వరద శిబిరంలో డ్యూటీ పడిందా? ముందు పేర్లు రాయండి, తర్వాతే బిళ్లలు

అక్టోబరు వచ్చిందంటే తిరుపతి, చిత్తూరు వైపు స్టాఫ్ నర్సులు ఫోన్ తలగడ పక్కనే పెట్టుకుని పడుకోవాలి. ఈశాన్య రుతుపవనాలు మన చెరువులు నింపేదీ అప్పుడే, మన ఇళ్లు ముంచేదీ అప్పుడే. 2021 నవంబరు 18, 19 తేదీల వాన ఇక్కడివాళ్లు ఇప్పట్లో మరిచిపోరు. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి, స్వర్ణముఖి పొంగింది, అవతల చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట పక్క ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆ వెంటనే రాయలచెరువు కట్టకి నీరు ఊరుతోందని కింది ఊళ్లన్నీ ఖాళీ చేయించారు.

ఆ వారం నేనొక హైస్కూల్లో పెట్టిన శిబిరంలో పనిచేశాను. తర్వాత 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి సూళ్లూరుపేట వైపు, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు విజయవాడకీ వెళ్లాను. మొదటిసారి వెళ్లేటప్పుడు నాకు ఎవరూ చెప్పనివి, తప్పు చేశాక తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీకు వార్డు పని వచ్చు కాబట్టి అది మళ్లీ చెప్పను. వార్డు లేని చోట ఎలా పనిచేయాలో చెప్తాను.

సెప్టెంబరులోనే చేసుకోవాల్సినవి

గవర్నమెంటు ఉద్యోగంలో ఉంటే మీ సూపరింటెండెంట్ ద్వారా, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ఆఫీసు ద్వారా ఆర్డరు వస్తుంది. ప్రైవేటులో ఉంటే ఎవరూ పిలవరు, మీరే పేరు ఇచ్చుకోవాలి. రెడ్‌క్రాస్ జిల్లా శాఖలో సభ్యత్వం తీసుకుని, నర్సుగా వస్తానని ముందే రాయించండి. వరద వచ్చాక వెళ్తే అక్కడ మీ సర్టిఫికెట్లు చూసే తీరిక ఎవరికీ ఉండదు, మిమ్మల్ని అన్నం పొట్లాలు కట్టడానికి కూర్చోబెడతారు. అది చిన్న పనని కాదు, కానీ సెలైన్ ఎక్కించడానికి నరంలో కాన్యులా పెట్టగలిగిన చేయి అక్కడ అవసరం.

నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ 5 ఏళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. మీది ఎప్పటిదాకా ఉందో ఈ రోజే చూసుకోండి. బీఎల్‌ఎస్ (గుండె ఆగినవాళ్లని నిలబెట్టే శిక్షణ) సర్టిఫికెట్ 2 ఏళ్లకే అయిపోతుంది. రెండింటి జిరాక్సులూ లామినేట్ చేయించి, ఫొటోలు ఫోన్‌లోనూ ఉంచండి. హెపటైటిస్ బి మూడు డోసులూ పూర్తయ్యాయా, ధనుర్వాతం రాకుండా వేసే టీడీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారు, గుర్తు తెచ్చుకోండి. వరద నీళ్లలో ముళ్లు, రేకులు, గాజుపెంకులు గుచ్చుకునేది జనానికే కాదు, మనకీ.

ప్రైవేటు ఆసుపత్రిలో సెలవు నోటి మాటగా అడగకండి. ఒక కాగితం రాసి, కాపీ మీద సంతకం తీసుకోండి. నేను మొదటిసారి నోటి మాట నమ్మి వెళ్లాను, తిరిగొచ్చేసరికి అప్పుడు నేను పనిచేసే చోట ఐదు రోజుల జీతం పోయింది. జీతం పోయినందుకు కాదు, ఆ ఐదు రోజుల్ని 'గైర్హాజరు' అని రాసినందుకు ఇప్పటికీ బాధ.

సంచిలో ఏం పెట్టుకోవాలి

తెల్ల యూనిఫాం వద్దు. ముదురు రంగు చుడీదారో ప్యాంటో వేసుకుని, పైన ఏప్రన్, మెడలో ఐడీ కార్డు. చెప్పులతో అసలు వెళ్లకండి. మోకాళ్ల కింది దాకా వచ్చే గమ్‌బూట్లు, వాటిలోకి నాలుగు జతల సాక్సులు కావాలి. తలకి కట్టుకునే టార్చి కొనుక్కోండి, చేతిలో టార్చి పట్టుకుని నరం వెతకలేరు. ఏటీఎంలు పనిచేయవు, చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. మీ సొంత మందులు వారానికి సరిపడా, మీ శానిటరీ ప్యాడ్లు కూడా. ఇవి అక్కడ దొరుకుతాయిలే అనుకుంటే ఇబ్బంది పడేది మీరే. తినడానికి బొరుగులు, వేయించిన శెనక్కాయలు, బెల్లం. శిబిరంలో మీ వంతు అన్నం వచ్చేసరికి ఏ మధ్యాహ్నం మూడో అవుతుంది.

పనిముట్లలో చేత్తో గాలి కొట్టే బీపీ మిషన్, స్టెతస్కోపు, గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, థర్మామీటరు, పల్స్ ఆక్సీమీటరు మీ సొంతవి తీసుకెళ్లండి. వీటితో పాటు అన్నిటికంటే ముఖ్యమైనవి మూడున్నాయి: రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు, నాలుగు పెన్సిళ్లు, జిప్ ఉండే ప్లాస్టిక్ కవర్లు ఒక కట్ట. పెన్సిలే ఎందుకంటే తడిస్తే పెన్ను రాత అలుక్కుపోతుంది, పెన్సిలు రాత నిలబడుతుంది.

మొదటి మూడు గంటలు

ఇక్కడే నేను పొరపాటు చేశాను, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తాను.

శిబిరంలోకి అడుగు పెట్టగానే జనం చుట్టూ మూగుతారు. 'మేడం, జరం', 'సిస్టర్, తలనొప్పి', 'అమ్మా, కాళ్లు పీకతా ఉండాయి'. మీ సంచిలో పారాసిటమాల్ ఉంటుంది. పంచడం మొదలుపెడతారు. వరస పెరుగుతుంది, మీకూ ఏదో చేస్తున్నామన్న తృప్తి ఉంటుంది. ఆ హైస్కూల్లో మొదటి సాయంత్రం నేను చేసింది అదే, రాత్రి పదింటి దాకా.

వరండా చివర గోడకి ఆనుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు, యాభై ఏళ్లుంటాయి. వరసలోకి రాలేదు. జ్వరం లేదు, దెబ్బ లేదు, ఆయన అడగలేదు, నేను పలకరించలేదు. ఆయన ఇన్సులిన్ ఇంట్లో ఫ్రిజ్‌లో ఉండిపోయింది. మూడో రోజు పొద్దున ఆయన భార్య వచ్చి 'వాంతులు ఆగట్లేదమ్మా' అంది. వెళ్లి చూస్తే పరుగెత్తి వచ్చిన మనిషిలా లోతుగా ఊపిరి తీస్తున్నాడు, నోటి దగ్గర పండిన పండు వాసన. గ్లూకోమీటరు మీద అంకె రాలేదు, 'హై' అని మాత్రం వచ్చింది. లైను పెట్టి సెలైన్ ఎక్కిస్తూ 108లో పంపించాం. బతికాడు. కానీ ఆ రెండు రోజులూ నేను ఆయనకి ఇరవై అడుగుల దూరంలో కూర్చుని తలనొప్పి బిళ్లలు పంచుతున్నాను.

అందుకని మీరు ఇలా చేయండి. వచ్చిన వెంటనే బల్ల వేసుకుని కూర్చోకండి. శిబిరం ఏ పంచాయతీదో అక్కడి ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో వెంటబెట్టుకుని గది గదికీ తిరగండి. రక్తం కారుతున్నవాళ్లు, ఊపిరి ఆడనివాళ్లు, స్పృహలో లేనివాళ్లు ఉంటే ఆగి చూడండి. మిగిలిన అందరినీ అడగాల్సింది ఒకటే ప్రశ్న: 'రోజూ వేసుకునే మందు ఏదైనా ఉందా?' 'జబ్బు ఏమైనా ఉందా' అని అడగొద్దు. మనవాళ్లలో చాలామంది షుగరునీ బీపీనీ జబ్బు కింద లెక్కేయరు, 'ఏమీ లేదమ్మా, బాగుండాను' అంటారు. మందు అని అడిగితే చెప్తారు.

నోటుబుక్కులో పేరు, వయసు, ఊరు, గది, మందు, ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నారు, ఇంకా ఎన్ని రోజులకి ఉన్నాయి, ఇంట్లో ఒకరి ఫోన్ నంబరు రాసుకోండి. 'గది' కూడా పెన్సిలుతోనే, మనుషులు చుట్టాల దగ్గరికి గదులు మారుతూనే ఉంటారు.

మందు పేరు చాలామంది చెప్పలేరు. ఒక అవ్వ నా ముందు చీర కొంగు విప్పి ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల నీళ్లూ బిళ్లలూ కలిసిపోయి తెల్లటి పేస్టులా ఉంది, రేకుల మీద అక్షరాలు లేవు. 'పొద్దన్నే గుండ్రంది ఒకటి, రేత్రికి పొడుగుది అర' అంది. రంగూ ఆకారం చూసి మనం ఊహించకూడదు. ఒకే మందు పది కంపెనీలు పది రంగుల్లో చేస్తాయి. ఆమె కొడుకు బెంగళూరులో ఉన్నాడని తెలిసి ఫోన్ చేశాను. అతని వాట్సాప్‌లో రెండేళ్ల కిందటి మందుల చీటీ ఫొటో ఉంది, పది నిమిషాల్లో వచ్చేసింది. మన జిల్లాల్లో ప్రతి ఇంటికీ బెంగళూరులోనో చెన్నైలోనో ఒక కొడుకో కూతురో ఉంటారు. ఫోన్ నంబరు రాసుకోమన్నది అందుకే. అదీ దొరక్కపోతే పీహెచ్‌సీలో బీపీ, షుగరు వాళ్ల రికార్డు ఉంటుంది, ఏఎన్‌ఎంని అడగండి. పాత చీటీ దొరికినా, దాన్నిబట్టి ఇప్పుడు ఏ మందు ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టుకుని వరస కట్టండి. అందరికీ ఒకేసారి మందులు రావు. ఇన్సులిన్, మూర్ఛ బిళ్లలు, ఆస్తమా పంపు, రోజూ వాడే స్టెరాయిడ్, రక్తం పలచబరిచే మందు ఈ రోజే తెప్పించాలి. మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆగితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. టీబీ మందులు, హెచ్‌ఐవీకి వాడే ఏఆర్‌టీ మందులు కూడా ఆలస్యం కాకూడదు, కానీ వాటి గురించి పక్కకి పిలిచి మెల్లగా అడగండి, నోటుబుక్కులో జబ్బు పేరు రాయకండి. బీపీ బిళ్లలు రేపటికల్లా రావాలి. థైరాయిడ్ బిళ్ల నాలుగు రోజులు ఆలస్యమైనా కొంప మునగదు, కంగారు పడేవాళ్లకి ఆ సంగతి చెప్పండి. డయాలసిస్ వాళ్లుంటే 'ఆఖరుగా ఏ రోజు చేయించుకున్నారు' అని అడిగి, తర్వాతి తేదీకి ఒక రోజు ముందే రోడ్డు ఎటువైపు ఉందో చూసి పంపించేయాలి. గర్భిణులకి కాన్పు తేదీ రాయండి. రెండు వారాల లోపు ఉన్నవాళ్లని నొప్పులు రాకముందే ప్రసూతి ఆసుపత్రికి దగ్గరగా చేర్చండి, వాగు పొంగాక చేయగలిగింది తక్కువ.

ఈ జాబితాని ఫొటో తీసి మెడికల్ ఆఫీసరుకి పంపండి. 'మందులు కావాలి సార్' అంటే అటునుంచి పారాసిటమాల్ డబ్బా వస్తుంది. 'ఇన్సులిన్ మనుషులు 6, మూర్ఛ 3, డయాలసిస్ 1, ఎనిమిదో నెల 2' అని పంపితే ఆ మందులే వస్తాయి.

ఇంకొకటి. అదే రోజు మెడికల్ ఆఫీసరుతో స్టాండింగ్ ఆర్డర్స్ రాయించుకుని సంతకం తీసుకోండి. డాక్టరు లేనప్పుడు ఏ మందు, ఎంత, ఎవరికి ఇవ్వొచ్చో అందులో ఉండాలి. వరద కదా అని మన పరిధి దాటకూడదు. అక్కడ తప్పు జరిగితే అడిగేది మిమ్మల్నే.

నీళ్లు, విరేచనాలు

రెండో రోజు నుంచి మీ కన్ను ట్యాంకు మీద ఉండాలి. 1,000 లీటర్ల నీటికి మంచి బ్లీచింగ్ పౌడరు సుమారు 2.5 గ్రాములు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగాలి. మూత తీసి పెట్టిన బస్తాలో పౌడరు పాడైపోయి ఉంటుంది, ఘాటు వాసన లేకపోతే ఇంకొకటి అడగండి. నీటి పరీక్ష కిట్‌తో పంపు దగ్గర క్లోరిన్ లీటరుకి 0.5 మిల్లీగ్రాములు చూపిస్తే ఆ నీళ్లు తాగొచ్చు. క్లోరిన్ బిళ్లలిస్తే ఎన్ని లీటర్లకి ఒకటో దాని కవరు మీద చదవాలి, ఒక్కో రకం ఒక్కో బలంతో వస్తుంది.

ఓఆర్‌ఎస్ పంచేటప్పుడు కలిపి చూపించండి. లీటరు ప్యాకెట్టయితే మొత్తం ఒక లీటరులో. చాలామంది గ్లాసులో సగం పోసి చిక్కగా తాగుతారు, పిల్లలకి అలా ఇస్తే ఉప్పు ఎక్కువై ప్రమాదం. శిబిరంలో ఖాళీ లీటరు వాటర్ బాటిళ్లు బోలెడు ఉంటాయి, అదే కొలత. 24 గంటలు దాటితే పారబోయాలి. పిల్లలకి జింక్ 14 రోజులు ఇవ్వాలి, విరేచనాలు ఆగాయని మధ్యలో ఆపొద్దు.

ఒకే గదిలోనో, ఒకే ట్యాంకు నీళ్లు తాగినవాళ్లలోనో ఒక్క రోజులో ముగ్గురికి నీళ్ల విరేచనాలైతే నాలుగో మనిషి కోసం ఎదురుచూడకండి. వెంటనే మెడికల్ ఆఫీసరుకి ఫోన్ చేసి, ఆ ట్యాంకు ఆపించండి. గ్రామ పెద్దలకి కోపం రావచ్చు. రానివ్వండి.

దానంగా పాలపొడి డబ్బాలు వస్తాయి. ఇచ్చినవాళ్ల మనసు మంచిదే. కానీ మురికి నీళ్లతో, కడగని సీసాతో పాలపొడి కలిపితే చంటిబిడ్డకి విరేచనాలు పట్టుకుంటాయి. తల్లి పాలు తాగే బిడ్డలున్న గదులకి ఆ డబ్బాలు వెళ్లనివ్వకండి. 'భయానికి పాలు ఎండిపోయాయి' అనే తల్లి పక్కన కాసేపు కూర్చోండి, ఆమెకి అన్నం, నీళ్లు, చాటుగా కూర్చునే చోటు చూడండి. పాలు మళ్లీ వస్తాయి.

పాము

వరద వస్తే మనతో పాటు పాములూ మెరక వెతుక్కుంటాయి. బడి బెంచీల కింద, తడిసిన బట్టల మూటల్లో చేరతాయి. మన వైపు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగూ ఉన్నాయి. కట్లపాము కరిస్తే నొప్పి, వాపు దాదాపు ఉండవు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లారి కడుపునొప్పి అని లేస్తే, రెప్పలు వాలుతుంటే, గాటు కనబడకపోయినా పామునే అనుమానించండి.

తాడు బిగించి కట్టనివ్వకండి, కోయనివ్వకండి. కాలో చెయ్యో కదలకుండా చెక్క కట్టి, వాహనం పిలవండి. పింజరి అనుమానం ఉంటే, బండి వచ్చేలోపు 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన, పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబులో తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి వంచి చూడండి. గడ్డకట్టకుండా ఒలికితే విషం రక్తంలోకి ఎక్కినట్టు. ప్లాస్టిక్ ట్యూబులో ఈ పరీక్ష తప్పు చెప్తుంది, అందుకే రెండు గాజు ట్యూబులు నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. బండి ముందే వస్తే పరీక్ష కోసం ఆపకండి. విరుగుడు మందు శిబిరంలో మొదలుపెట్టే పని కాదు, రియాక్షన్ వస్తే అడ్రినలిన్‌తో నిలబెట్టగలిగిన చోటే ఇవ్వాలి.

ఒకేసారి ఇరవై మంది వస్తే

వరదలోనే కాదు, తిరుపతిలో జనం కూడిన చోట ఎప్పుడైనా ఇది పనికొస్తుంది. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అలాంటి చోట ముందు కనబడిన మనిషి దగ్గరే కూర్చుండిపోతే వెనక ఉన్నవాళ్లు పోతారు. ఒక్కొక్కరికి అర నిమిషమే ఇవ్వాలి.

నడవగలిగినవాళ్లని 'ఇటు వచ్చి నిలబడండి' అని పిలవండి, వాళ్లు ఆకుపచ్చ, అంటే ఆఖర్న చూడొచ్చు. మిగిలినవాళ్లలో ఊపిరి లేకపోతే తల వెనక్కి వంచి దారి తెరవండి. అయినా రాకపోతే నలుపు, అంటే ఇక చేయగలిగింది లేదు. వస్తే ఎరుపు, అంటే అందరికంటే ముందు చూడాలి. ఊపిరి నిమిషానికి 30 దాటితే ఎరుపు. మణికట్టు నాడి దొరక్కపోతే ఎరుపు. 'నా చెయ్యి పట్టుకో' అంటే పట్టుకోలేకపోతే ఎరుపు. ఇవేవీ కాకపోతే పసుపు, అంటే ఎరుపు తర్వాత. రిబ్బన్లు లేకపోతే నుదుటి మీద మార్కరుతో రాయండి. నలుపు అని రాసి ముందుకి వెళ్లడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. అయినా వెళ్లాలి.

ఇక్కడ పడిపోయేవాళ్లు చాలామంది మన ఊరివాళ్లు కాదని గుర్తుంచుకోండి. యాత్రికులు తమిళం, కన్నడం, మరాఠీ, హిందీ మాట్లాడతారు. 'వలి ఎంగే?' (నొప్పి ఎక్కడ?), 'మాత్తిరై సాప్పిడుఱీంగళా?' (బిళ్లలు వేసుకుంటారా?) లాంటి పది ప్రశ్నలు తెలుగు అక్షరాల్లో ఒక కార్డు మీద రాసి పెట్టుకోండి. మనలో చాలామందికి తమిళం ఎలాగూ వచ్చు, హిందీ కార్డు మాత్రం తప్పకుండా చేసుకోండి.

మాట

ఇల్లు పోయినవాళ్లతో 'ఏం కాదు, అంతా మంచికే' అనకండి. ఏదో అయింది కాబట్టే వాళ్లక్కడ ఉన్నారు. పక్కన కూర్చుని, చెప్తే వినండి, చెప్పకపోతే అడగకండి. 'ఇప్పుడు మీకు ముందు ఏం కావాలి?' అంటే చాలాసార్లు చిన్నదే అడుగుతారు. ఒకామె నన్ను అడిగింది దువ్వెన. నిద్రపోనివాళ్లు, తిండి మానేసినవాళ్లు, చనిపోతానంటున్నవాళ్లు ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి మీరే పక్కన ఉండి ఫోన్ కలపండి. తెలుగులో మాట్లాడతారు.

అప్పగింత, తిరుగు ప్రయాణం

మీ తర్వాత వచ్చే నర్సుకి నోటితో చెప్పి బస్సెక్కకండి. నోటుబుక్కు చేతికిచ్చి, ఇద్దరూ కలిసి గది గదికీ తిరగండి. ఇన్సులిన్ వాళ్లని మనిషిని చూపించి అప్పగించండి. పని చేసినట్టు తేదీలతో సర్టిఫికెట్టు అక్కడే రాయించుకోండి, ఇంటికొచ్చాక దాని కోసం నెలలు తిరగాలి.

నీళ్లలో రోజూ నడవాల్సి వస్తే ఎలుక జ్వరం రాకుండా డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు వారానికి ఒకసారి వేసుకోమంటారు. డాక్టర్ని అడిగి, తిన్నాక, నిండా నీళ్లతో మింగండి, వెంటనే పడుకోకండి. గర్భిణులు వేసుకోకూడదు. రాత్రి సాక్సులు తీసి వేళ్ల సందులు తుడిచి ఆరనివ్వండి, పాచిపోతే వారం దాకా నడవలేరు.

ఇంటికొచ్చాక నెల రోజుల లోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం, పచ్చబడటం ఏది కనబడినా తగ్గుతుందిలే అని డ్యూటీకి వెళ్లకండి. చూసే డాక్టరుకి మొదటి మాటగానే 'వరద నీళ్లలో పనిచేసి వచ్చాను' అని చెప్పండి.